గోడ ఎత్తు వంటక్క ఒకటిన్నర

మనిషెత్తు మాస్టారికి ఈ లోకంలో ఏ వస్తువునైనా పక్కన ఒక మనిషిని నిలబెట్టి కొలవడం తప్ప వేరే కొలత తెలియదు. అడుగులు, గజాలు, మీటర్లు అనేవి ఉన్నాయని ఆయన విన్నారు. వాటి మీద ఆయనకు కోపమేమీ లేదు. వాటితో పని పడలేదు, అంతే.

ఇంటికి దారి అడిగితే, "గేటు దాటాక ఐదుగురు మనుషులు వరసగా పడుకున్నంత దూరం నడవండి, ఎడమచేతి వైపు తలుపు" అని చెప్పేవారు. వచ్చేవాళ్ళు నేల వైపు చూసుకుంటూ, కాస్త భయపడుతూ వచ్చేవాళ్ళు. పిలిచి కుర్చీ చూపిస్తే గానీ వాళ్ళ గుండె కుదుటపడేది కాదు.

ఒకసారి భార్యతో కలిసి ఫ్రిజ్జు కొనడానికి వెళ్ళారు.

"ఎంత ఎత్తుది కావాలండీ?" అన్నాడు షాపువాడు.

"మా ఆవిడ భుజం దాకా."

"వెడల్పు?"

మాస్టారు భార్య కోసం పక్కకు తిరిగి చూశారు. ఆవిడ అప్పటికే షాపు మెట్లు దిగి వెళ్ళిపోతోంది. ఆ వేసవంతా వాళ్ళింట్లో కుండనీళ్ళే తాగారు.

ఇంట్లో అయితే ఇదంతా నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ మాస్టారు ఉద్యోగం చేసింది తవ్వకాల శాఖలో. నేలలోంచి బయటపడిన గోడలకీ, గుంటలకీ, వాకిళ్ళకీ ఫోటోలు తీసి, కింద కొలతలు రాయడం ఆయన పని. రిటైరయ్యేదాకా ఆయన ఆ పని తన పద్ధతిలోనే చేశారు. ఆ సంగతి అందరికంటే ఆలస్యంగా తెలిసినది కంప్యూటరమ్మాయికి.

ఆ అమ్మాయిని శాఖవాళ్ళు కొత్తగా తీసుకున్నారు. బీరువాల్లో మూలుగుతున్న పాత నెగెటివులన్నీ స్కాన్ చేసి, వాటి వివరాలు సరిచేసి, ఒక ఉమ్మడి వెబ్‌సైటుకు ఎక్కించాలి. ఎక్కించాక వాటిని ఏ దేశంలో ఎవరైనా చూడొచ్చు, ఉచితంగా దింపుకోవచ్చు, తమ పరిశోధనకు వాడుకోవచ్చు. ఎవర్నీ బతిమాలక్కర్లేదు, ఏ అధికారి మూడ్ బాగుందో కనుక్కోనక్కర్లేదు. ఆమెకు ఈ పని మీద నిజమైన ప్రేమ. మొదటిరోజు కూర్చుని మొదటి ఫోటో వివరం తెరిచింది.

గోడ ఎత్తు: వంటక్క ఒకటిన్నర.

ఇదేదో పాతకాలపు సంకేతం అనుకుని రెండోది తెరిచింది. గుంట లోతు: డ్రైవరు, చేతులు పైకెత్తితే. మూడోది: వాకిలి వెడల్పు: వాచ్‌మన్ అడ్డంగా పడుకుంటే పాదాలు బయటికి. ఆమె వాటిని ఉన్నదున్నట్టు ఎక్కించి చూసింది. వెబ్‌సైటు తెర మీద ఎర్రటి అక్షరాలతో 'కొలత చెల్లదు' అంది. వందలాది ఫోటోలకూ అదే మాట అంది.

మాస్టారికి కబురు పెడితే ఆయన వెంటనే వచ్చారు. మెడలో పాత కెమెరా వేలాడుతోంది. అది లేకుండా ఆయన కూరగాయలకు కూడా వెళ్ళరట.

"మాస్టారూ, ఫోటోల్లో కొలత కోసం కర్ర పెడతారు కదా, ఎరుపూ తెలుపూ పట్టీలతో. మీరెందుకు పెట్టలేదు?"

"పోయింది."

"ఎప్పుడు?"

"తవ్వకం మొదలైన రోజే."

"ఇంకోటి కొనలేదా?"

"రాశాం. ఇంకా రాలేదు" అన్నారు మాస్టారు, ఏ రోజునైనా రావచ్చన్నట్టు గుమ్మం వైపు చూస్తూ. చూపు గుమ్మం నుంచి పక్కనే ఉన్న సర్వరు బీరువా మీద పడింది. కెమెరా పైకి లేచింది. "కొత్తదా ఇది? అమ్మాయ్, కాస్త దాని పక్కన నిలబడు."

"నేను నిలబడను."

"ఎందుకని?"

"నేను పొట్టి మాస్టారూ. నన్నొదిలెయ్యండి."

"పొట్టి అయితే కొలత తప్పవుతుందా ఏం? అంకె మారుతుంది, అంతే" అని మాస్టారు కెమెరా దించేశారు. బలవంతపెట్టడం ఆయన పద్ధతి కాదు.

కంప్యూటరమ్మాయి లెక్క వేసుకుంది. వంటక్క ఎత్తెంతో తెలిస్తే ఒకటిన్నరతో గుణించుకోవచ్చు. డ్రైవరు ఎత్తు, వాచ్‌మన్ ఎత్తు దొరికితే మొత్తం లెక్క తేలిపోతుంది. వెబ్‌సైటు నియమాల ప్రకారం ఫోటోలో ఉన్నవాళ్ళ అనుమతి ఎలాగూ అడగాలి. "వాళ్ళిప్పుడు ఎక్కడుంటారో మీకేమైనా తెలుసా?"

మాస్టారికి అన్నీ తెలుసు. ఎవరు ఏ వీధిలో ఉంటారో, ఎవరికి మోకాళ్ళ నొప్పో, ఎవరింటి కాలింగ్ బెల్ పని చేయదో గడగడా చెప్పేశారు. ఇంత చెప్పిన మనిషి, ఆమె బయల్దేరేటప్పుడు మాత్రం, "టేపు మంచిది తీసుకెళ్ళు" అని ఒక్క మాట అని ఊరుకున్నారు.

వంటక్క తవ్వకాల శిబిరంలో అందరికీ వండిపెట్టిన మనిషి. ఇప్పుడు మూడో అంతస్తులో కొడుకు దగ్గర ఉంటోంది. గోడకు ఆనించి కొలిస్తే నూట నలభై ఎనిమిది సెంటీమీటర్లు వచ్చింది. తర్వాత కంప్యూటరమ్మాయి ట్యాబ్‌లో ఫోటో తెరిచి చూపించింది. ఇటుకల గోడ, దాని పక్కన నడుం మీద చెయ్యి పెట్టుకుని, గరిట పట్టుకుని ఒక పడుచుపిల్ల.

"ఇది నేనేనా?" అంది వంటక్క. "ఇంత సన్నగా ఉండేదాన్నా? ఈ ఫోటో నేను ఇప్పుడే చూడ్డం."

"అప్పట్లో మీకు ఇవ్వలేదా?"

"ఎక్కడిస్తారమ్మా! ఆఫీసు ఫోటోలు బయటికివ్వకూడదంట. ఇప్పుడు ఇది అందరికీ కనపడుతుందా?"

"మీరు సరే అంటే, ఎవరికైనా కనపడుతుంది."

"మా ఆడపడుచుకి కూడానా?"

"ఆవిడకి కూడా."

"అయితే పెట్టెయ్. పెద్దదిగా పెట్టు."

డ్రైవరు దగ్గర చిక్కొచ్చింది. ఆయన జీవితమంతా జీపు స్టీరింగు మీదికి వంగి వంగి, నిలబడినా కూర్చున్నట్టే ఉన్నాడు. ఎంత లాగినా నిటారుగా నిలబడలేకపోయాడు. చివరికి ఆయనే, "ఇలా కాదు గానీ, పడుకుంటానుండు" అని వరండాలో వెల్లకిలా పడుకుని, చేతులు పైకెత్తి కొలిచేది తర్వాతని, ముందు వాటిని ఒంటికి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. కంప్యూటరమ్మాయి తల నుంచి పాదాల దాకా టేపు సాగదీస్తుండగా, కూరగాయల సంచితో ఆయన భార్య గుమ్మంలో అడుగు పెట్టింది. ఆవిడ వేసిన కేకకు పక్కింటివాళ్ళు కూడా వచ్చారు.

"నేను పోలేదే!" అన్నాడు డ్రైవరు, కళ్ళు తెరవకుండానే. "కదిలించకు, కొలత తప్పుతుంది."

వాచ్‌మన్ మాత్రం ఇప్పటికీ బాణంలా నిటారుగా ఉన్నాడు. నూట డెబ్బై నాలుగు. ఫోటో చూపిస్తే ఆయన మనవళ్ళను పిలిచాడు. వాళ్ళు వినేలా కాస్త గట్టిగా అన్నాడు: "చూశార్రా? నేను చెప్పలేదూ?"

"ఏం చెప్పారండీ?" అంది కంప్యూటరమ్మాయి.

"మాస్టారు ఫోటో తీసేటప్పుడు అనేవారమ్మా, 'సరిగ్గా నిలబడవయ్యా, రేపు పుస్తకంలో వస్తే ప్రపంచమంతా చూస్తుంది నిన్ను' అని. అందుకని గడ్డం గీయించుకుని మరీ నిలబడేవాణ్ణి. పుస్తకం అచ్చయ్యాక ఆఫీసు లైబ్రరీకెళ్ళి చూసుకున్నాను. నా మోచెయ్యి వచ్చింది."

"మోచెయ్యా?"

"మిగతాది కత్తిరించేశారు. గోడ బాగా పడింది. దాని పక్కన నా మోచెయ్యి. ఈ మోచెయ్యి నాదిరా అంటే ఈ వెధవలు నమ్మరు. మోచేతులన్నీ ఒకలాగే ఉంటాయి తాతా అంటారు."

కంప్యూటరమ్మాయికి నవ్వొచ్చింది. "ఈసారి మొత్తం వస్తుంది తాతగారూ. నాదే పూచీ" అని చెప్పేసి వచ్చింది. అలా మాటివ్వడానికి తనకు అధికారం ఉందా లేదా అన్నది వీధి చివరికొచ్చాక గుర్తొచ్చింది.

ఆఫీసుకొచ్చి లెక్క కట్టబోతే ఇంకో తిరకాసు. అదే గోడ పక్కన మాస్టారు వంటక్కనూ, వాచ్‌మన్‌నూ విడివిడిగా నిలబెట్టి ఫోటోలు తీశారు. వంటక్క ఒకటిన్నర అంటే రెండు వందల ఇరవై రెండు సెంటీమీటర్లు. వాచ్‌మన్ ఒకటీ, పైన మూడోవంతు అంటే రెండు వందల ముప్ఫై రెండు. ఒకే గోడ, ఒకే రోజు. పది సెంటీమీటర్ల తేడా. ఆమె ఫోటోను పెద్దది చేసి, వంటక్క చీర కుచ్చెళ్ళ కింద చూసి, ఫోన్ చేసింది.

"అక్కా, ఫోటో తీసేటప్పుడు మీరు దేని మీదన్నా ఎక్కి నిలబడ్డారా?"

"లేదే!"

"కాళ్ళ కింద ఏదో ఉన్నట్టుందే..."

"ఒక్క ఇటుక" అంది వంటక్క. "ఆ వాచ్‌మన్ ఫోటో పక్కన పెడితే మరీ పొట్టిగా కనపడతానని. మాస్టారే అన్నారు, ఎక్కితే ఎక్కమ్మా అని."

"ఏ ఇటుక అక్కా అది?"

"అక్కడేగా తవ్వుతున్నారు. చాలా ఉన్నాయి."

"అది రెండువేల ఏళ్ళ నాటి ఇటుకై ఉంటుంది!"

"అందుకేనేమో, గట్టిగానే ఉంది."

ఇటుక మందం ఏడు సెంటీమీటర్లు. అది కలిపితే వంటక్క నూట యాభై ఐదు, ఒకటిన్నరతో గుణిస్తే రెండు వందల ముప్ఫై రెండున్నర. ఆ అర సెంటీమీటరు ఎక్కడిదని మాస్టారిని అడిగితే, "కొప్పు" అన్నారు.

ఇక గట్టెక్కినట్టే అనుకుంటుండగా, వెబ్‌సైటు తరఫున సేకరణలను సరిచూసే పరిశీలకురాలు వీడియోకాల్‌లోకి వచ్చింది. చాలా మర్యాదస్తురాలు. ప్రతి వాక్యమూ క్షమాపణతో మొదలుపెట్టి, చివరికొచ్చేసరికి కుదరదు అనేది.

"క్షమించాలి, మనుషుల్ని బట్టి కట్టిన లెక్కలకు వేరే ఆధారం ఉండాలి. క్షమించాలి, కొలత కోసం తప్ప ఫోటోల్లో మనుషులు ఉండటానికి వీల్లేదు. ఆధారం లేదు కాబట్టి వాళ్ళను కత్తిరించేసి, కొలతలు తెలియవని రాసి పంపండి. ఈ వారం దాటితే మీ వంతు వేరేవాళ్ళకు వెళ్ళిపోతుంది. మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పలేను."

డైరెక్టరుగారు పక్క కుర్చీలోంచి, "కత్తిరించెయ్యండమ్మా, గోడలుంటే చాలు కదా మనకి" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. ఆయనకు గోడలంటే ఇష్టం, అంతే.

కంప్యూటరమ్మాయి ఆ సాయంత్రం నేరుగా మాస్టారింటికి వెళ్ళింది. గేటు దాటి, ఐదుగురు మనుషులంత దూరం నడిచి, ఎడమచేతి తలుపు తట్టింది. మాస్టారు భార్య తలుపు తీసి, "రామ్మా, ఆయన పాలకెళ్ళారు, వచ్చేస్తారు. బాల్కనీలో కూర్చో, గాలొస్తుంది" అంది.

బాల్కనీలో తడిబట్టలు ఆరేసి ఉన్నాయి. రెండు లుంగీలు, ఒక దుప్పటి, ఒక తువ్వాలు. అవి ఆరేసిన కర్ర ఎరుపూ తెలుపూ పట్టీలతో ఉంది.

కంప్యూటరమ్మాయి దుప్పటి పక్కకు జరిపింది. కర్ర మీద తవ్వకాల శాఖ ముద్ర కూడా ఉంది.

"పిన్నిగారూ, ఈ కర్ర..."

"అదా? ఎప్పటినుంచో ఉంది. ఆఫీసులో పోయిందని రాయించి ఇంటికి తెచ్చేశారు. బట్టలకు బాగుంటుంది. దుప్పటి ఉతికాక ఎంత కుదించుకుపోయిందో సెంటీమీటర్లతో సహా తెలుస్తుంది" అంది ఆవిడ.

అంతలో మాస్టారు పాల ప్యాకెట్లతో వచ్చారు. కర్రనూ, అమ్మాయినీ చూశారు. మనుషుల్ని కత్తిరించి పంపమన్నారని ఆమె చెప్పింది. ప్యాకెట్లు భార్య చేతిలో పెట్టి, లోపలికెళ్ళి, ఒక పెద్ద బిస్కెట్ల డబ్బా తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టారు. డబ్బా నిండా నెగెటివులు. ఒకటి తీసి వెలుతురుకు పట్టుకుని చూసింది. అదే గోడ, పక్కన ఈ కర్ర. మనిషి లేడు. ఇంకోటి తీసింది. అదే గుంట, ఈ కర్రే. మనిషి లేడు.

"పొద్దున్నే ఎవరూ రాకముందు కర్రతో ఒకటి తీసేవాణ్ణి" అన్నారు మాస్టారు. "ఎండెక్కాక మనిషితో ఒకటి."

"అంటే కొలతలన్నీ మీ దగ్గర ఉన్నాయా? సెంటీమీటర్లలో?"

"అర సెంటీమీటరుతో సహా."

"మరి ఆఫీసుకెందుకు ఇవ్వలేదు?"

"మాకో నియమం ఉండేదమ్మా, ఇప్పుడు మీకున్నదే. కొలత కోసం తప్ప మనుషులు ఫోటోలో ఉండకూడదు. తవ్వేది వాళ్ళు, మోసేది వాళ్ళు, వండేది వాళ్ళు, రాత్రిళ్ళు కాపలా కాసేది వాళ్ళు. పుస్తకంలో మాత్రం ఒక్కళ్ళూ ఉండరు. కర్ర ఉంటే వాళ్ళ అవసరం లేదు కదా. అందుకని కర్ర పోయింది."

ఇందులో తప్పేముందన్నట్టు ఆయన లుంగీ ఆరిందో లేదో తడిమి చూసుకున్నారు.

"అయినా అచ్చేసేటప్పుడు కత్తిరించేశారు. కొలత కూడా లేకుండా అచ్చేస్తారని నేననుకోలేదు. మోచెయ్యి మిగిలింది."

కంప్యూటరమ్మాయికి అప్పుడు నిజంగా కోపం వచ్చింది. "ఈ డబ్బా నాకు మొదటిరోజే ఇచ్చుంటే? నన్ను టేపు పట్టించి వీధి వీధీ తిప్పారు! డ్రైవరుగారి ఇంట్లో ఆవిడ కేకకు నా ప్రాణం పోయినంత పనైంది!"

"మొదటిరోజే ఇచ్చుంటే ఏం చేసేదానివి?"

ఆమె ఆలోచించింది. నిజం చెప్పాలంటే, కర్రతో ఉన్నవి ఎక్కించి, మిగతావి పక్కన పడేసేది. హాయిగా, ఒక్క వారంలో.

"ఇప్పుడు నీకు వాళ్ళెవరో తెలుసు" అన్నారు మాస్టారు. బల్ల మీది కత్తెర తీసి ఆమె ముందు పెట్టారు. "కత్తిరించు చూద్దాం."

ఆమె కత్తెరను ముట్టుకోలేదు. పిన్నిగారు వచ్చి, "పాల ప్యాకెట్టు కోసుకోవాలి, అయిందా మీ పని?" అని దాన్ని పట్టుకెళ్ళిపోయింది.

మిగిలిన రోజుల్లో కంప్యూటరమ్మాయి కర్ర నెగెటివులన్నీ స్కాన్ చేసి, ప్రతిదాన్నీ దాని జంట పక్కన పెట్టింది. ఎవర్నీ కత్తిరించలేదు. గడువు ముగిసే రోజున పరిశీలకురాలు తెర మీదికి వచ్చింది.

"క్షమించాలి, వంటక్క అనే కొలమానం మా పట్టికలో లేదు."

"చేర్చి పంపించానండీ. ఒక వంటక్క అంటే నూట నలభై ఎనిమిది సెంటీమీటర్లు. ఇటుకతో నూట యాభై ఐదు. నేనే స్వయంగా కొలిచాను."

"క్షమించాలి, ఆధారం?"

"ప్రతి ఫోటోకీ పక్కనే కర్రతో తీసిన జంట ఉంది. రెండూ పెట్టి లెక్క చూసుకోండి."

పరిశీలకురాలు లెక్క చూసుకుంది. గోడ చూసింది, గుంట చూసింది, వాకిలి చూసింది. అన్నీ సరిపోయాయి. "క్షమించాలి, అయినా కర్ర ఉంది కదా, ఇక మనుషులెందుకు?" అంది.

"కొలత కోసమేనండీ. మీ నియమంలో కర్ర ఉంటే మనిషి ఉండకూడదని ఎక్కడుంది?"

ఆవిడ నియమాలు మొదటినుంచి చివరిదాకా చదువుకుంది. ఎక్కడా లేదు. ఆవిడ ఆ రోజు మొదటిసారిగా క్షమించాలి అనకుండా, "సరే" అంది.

సేకరణ తెరుచుకున్న రోజున కంప్యూటర్ గదిలో నిలబడటానికి చోటు లేదు. వాచ్‌మన్ మనవళ్ళను ముందు వరసలో కూర్చోబెట్టి, తెర మీద తన మోచేతి దగ్గర మొదలుపెట్టి, భుజం, మెడ, నున్నగా గీయించుకున్న గడ్డం, అలా పైదాకా వేలితో చూపించాడు. వాళ్ళు ఈసారి నమ్మారు. డ్రైవరు భార్య, ఈయన ఒకప్పుడు నిటారుగా ఉండేవాడని అందరికీ చెబుతోంది. వంటక్క ఆడపడుచును వెంటబెట్టుకొచ్చి, ఆ ఫోటో తప్ప మరో ఫోటో చూడనివ్వలేదు.

మర్నాటికల్లా ఎక్కడో దూరదేశం నుంచి మొదటి ప్రశ్న వచ్చింది. గోడ గురించి కాదు. ఫోటోలో ఆ అమ్మాయి పాదాల కింద ఉన్న ఇటుక మీద కుక్క అడుగు ముద్ర ఉన్నట్టుంది, పచ్చి ఇటుక మీద నడిచి ఉంటుంది, ఇంకో కోణంలో ఫోటో ఉందా అని అడిగారు. వంటక్కకు ఫోన్ చేసి చెబితే, "నేను ఎక్కాను కాబట్టి ఫోటోలో పడింది, లేకపోతే దాన్ని ఎవరు చూసేవారు?" అంది.

కానీ అది మర్నాటి మాట. ఆ రోజు అందరూ టీలు తాగుతుండగా మాస్టారు గదిలో అటూ ఇటూ చూసి, సర్వరు బీరువా దగ్గర ఆగారు. ఈ ఫోటోలన్నీ ఇప్పుడు అందులోనే ఉన్నాయని ఎవరో చెప్పారు ఆయనకు. కెమెరా పైకి లేచింది. కర్ర ఆయన భుజానికి ఆనించే ఉంది. ఆ పొద్దునే ఆఫీసుకు తిరిగి ఇచ్చేద్దామని తెచ్చారు, బట్టల క్లిప్పు ఒకటి ఇంకా దాన్ని అంటిపెట్టుకునే ఉంది.

"కర్ర ఉందిగా మాస్టారూ, పెట్టండి" అంది కంప్యూటరమ్మాయి.

మాస్టారు కర్ర వైపు చూశారు. దాన్ని మెల్లగా తలుపు వెనక్కి నెట్టేశారు.

"ఏ కర్ర?" అన్నారు.

కంప్యూటరమ్మాయి టీ కప్పు పక్కన పెట్టి, దుపట్టా సర్దుకుని, వెళ్ళి బీరువా పక్కన నిలబడింది. వెనకనుంచి వంటక్క, "ఇటుకేమన్నా కావాలా తల్లీ?" అని అరిచింది. గదంతా నవ్వింది.

ఆ ఫోటో కూడా ఇప్పుడు వెబ్‌సైటులో ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు, దింపుకోవచ్చు. కింద వివరం మాస్టారు చెబుతుంటే ఆ అమ్మాయే టైపు చేసింది.

బీరువా ఎత్తు: కంప్యూటరమ్మాయి ఒకటీ, పైన పావు. ఇటుక లేకుండా.